తిరిగి దాటిన అక్క

మా బాల్కనీలో బట్టలారేసే తాడును మా ఆయన తన ఎత్తుకు కట్టించుకున్నాడు గనక, నేను రోజూ తడిబట్టలతో పాటు ఒక ముక్కాలిపీటను కూడా మోసుకెళ్తాను. ఈ వయసులో ఆ ఎక్కడం దిగడం విసుగే. పీట మీద నిలబడి ఊపిరి తీసుకుంటూ ఆ తాడును చూస్తే మా అక్క గుర్తొస్తుంది.

డోన్ దగ్గర మా పల్లెలో, వేరుశనగ పీకడం అయిపోయి, గాలంతా మట్టి కలిసిన పచ్చికాయ వాసనతో బరువెక్కే సాయంత్రాల్లో, జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి తిన్న మూతులు తుడుచుకోకుండానే పిల్లలమంతా కళ్లంలో ఒంగుళ్ళు దూకుళ్ళకు చేరేవాళ్లం. ఒకరు మొదట పడుకుని, తర్వాత మోకాళ్ల మీద, ఆ తర్వాత నడుం వంచి ఎత్తు పెంచుతూ పోతే మిగిలినవాళ్లు పైనుంచి దూకాలి. అందరికంటే పొట్టిదాన్ని గనక, అడ్డంగా ఉండడమే నా శాశ్వత ఉద్యోగం. నాకంటే ఆరేళ్లు పెద్దదైన మా అక్క సుంకులమ్మ పావడా ఎగ్గట్టి, కాళ్లు కత్తెరలా ఆడించి నా మీదుగా పోతే నాకు గాలి తప్ప ఏమీ తగిలేది కాదు. కాయలు తెంపేసిన వేరుశనగ చెట్ల కట్టె రెండు పక్కలా మెత్తగా పరుచుకుని ఉండేది. ఎటు పడినా నొప్పి లేదు.

పడుకున్న పిల్లను దాటితే ఆ పిల్ల ఎదగదని, దాటినవాళ్లే తిరిగి దాటితే దోషం పోతుందని మా అవ్వ నమ్మకం.

"తిరిగి దాటు మే. పిల్ల గిడసబారిపోతాది," అనేది కాయలు ఒలుస్తూ, తలెత్తకుండానే.

అక్క తిరిగి దాటేది. ప్రతిసారీ, ఏళ్ల తరబడి. ఎదగాల్సింది నేనైతే, ఎగరడం ఆమెకు వచ్చింది.

అక్క పదో తరగతిలో ఉండగా డ్రిల్లు సారు ఆమె దూకుడు చూసి డోన్‌లో హైజంపు ఎంపికకు పేరిచ్చాడు. నెగ్గితే కడపలో ఆటల హాస్టలు, అక్కడే పైచదువు. మా నాయన ఒక్కమాటతో తేల్చాడు.

"తీసుకుంటే పోనీ. ల్యాకుంటే పదితో సాలు, సేన్లోకి రానీ."

ఎంపిక రోజు పండగ కాకపోయినా అవ్వ బక్ష్యాలు చేసి మూటగట్టింది. మైదానంలో అడ్డకర్రకు అవతల ఇసుక పోశారు. ఇవతల రాళ్లు తేలిన నేల. మొదటి ఎత్తు అక్క నడుముక్కూడా రాదు. నవ్వుతూనే దాటింది. లేచి, ఇసుక దులుపుకుని, వెనక్కి నడిచి, ఎవరికీ అర్థమయ్యేలోపే అటునుంచి ఇటు తిరిగి దాటింది. కర్ర కింద ఎవరూ పడుకుని లేరు. అది కాళ్లకు తెలియదు. అందరూ నవ్వారు. రాళ్ల మీద కాలు మడతపడిన అక్క లేవలేదు.

ఆమె రోజూ దాటే ఎత్తుకంటే తక్కువలోనే పోటీ ముగిసిందని, సైకిలు మీద ఆమెను ఇంటికి తెచ్చిన సారు చెప్పాడు. అవ్వ సున్నం, పసుపు కలిపి పట్టు వేసింది. ఆ తర్వాత ఎవరినీ తిరిగి దాటమనలేదు. తొలకరికి అక్క తన పుస్తకాలు నా ముందు పెట్టి చేనికి పోయింది.

ఇప్పుడు అవ్వ లేదు. కళ్లం ఉన్నచోట పెట్రోలు బంకు ఉంది. వంగే పిల్లలూ లేరు, దూకే పిల్లలూ లేరు. పోయిన నెల కళ్లు చూపించుకోవడానికి కర్నూలు వచ్చిన అక్క మా ఇంట్లో టీవీ ముందు కూర్చుంది. ఏవో దేశాల ఆడపిల్లలు వెల్లకిలా ఎగిరి కర్ర దాటుతున్నారు. చాలాసేపు చూసింది.

"ఆ తట్టు అంత పరుపేసినారు. ఈ తట్టు ఏమీ ఎయ్యలేదే?"

"ఈ తట్టుకు ఎవరూ తిరిగి రారక్కా," అన్నాను.