ఒక్క పేజీ జరిగినందుకు

ముత్యమ్మ పటాన్‌చెరులో ఒక డీటీపీ సెంటర్‌లో పని చేసేది. పెళ్ళి కార్డులు, కరపత్రాలు తప్ప పుస్తకం ఎన్నడూ చేసి ఎరగదు. 1999లో పాశమైలారంలోని ఒక కెమికల్ ఫ్యాక్టరీ వాళ్ళు కార్మికులకు పంచే జాగ్రత్తల పుస్తకం తెచ్చారు. నలభై పేజీలు. ఎడమ పేజీలో డ్రమ్ము బొమ్మ, ఎదురుగా కుడి పేజీలో ఆ డ్రమ్ములోని రసాయనంతో జాగ్రత్తలు. రెండేసి పేజీలు పక్కపక్కన పెట్టుకుని కంప్యూటర్‌లో పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాంతో పదిహేను రోజులు చేసింది.

అచ్చుకు పంపేరోజు, పుస్తకం మొదట్లో వేయమని ఫ్యాక్టరీ యజమాని సందేశం వచ్చింది. ముత్యమ్మ చివర ఖాళీగా ఉన్న పేజీ తీసేసి, ముందర దానికోసం ఒక పేజీ చేర్చింది. నంబర్లు వాటంతటవే మారాయి. అవి వరసగా ఉన్నాయా లేదా అని మాత్రమే చూసి పంపేసింది.

ఆమె అన్న యాదన్న ఆ ఫ్యాక్టరీలోనే కార్మికుడు. ఇద్దరూ ఇస్నాపూర్‌లో ఒకే కిరాయి గదిలో ఉండేవారు. ఒక పొద్దున డ్యూటీకి తయారవుతూ అతను ఆ పుస్తకం తెరిచాడు.

"చెల్లె, సోడియం ఒంటికి అంటుకుంటె నీళ్లు ధారగ పోయాలెనట. మాకు గిట్ల ఎవ్వరు చెప్పలే."

"ఏదీ, ఇటియ్యి!"

ముత్యమ్మ ఆ పేజీ, వెనక పేజీ తిప్పి చూసింది. ఒక్క పేజీ చేరడంతో అన్నీ ఒక పక్కకు జరిగాయి. సోడియం బొమ్మకు ఎదురుగా యాసిడ్ జాగ్రత్తలు వచ్చి కూర్చున్నాయి. సోడియం మీద నీళ్ళు పోయరాదన్న మాట పేజీ తిప్పితే గాని కనబడదు.

"అన్నా, నీళ్లు పోస్తే పేలుతది. ఇయ్యాల నువ్ పోకు!"

"నేనొక్కన్ని పోకుంటె అయితదా? బుక్కులు అందరికి ఇచ్చిండ్రు."

ఇద్దరూ ఆటో ఎక్కారు. దారి పొడుగునా ముత్యమ్మ పొగ గొట్టాలనే చూసింది. ఏ పొగ చూసినా అదేనేమో అనిపించింది. ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ సోమేశ్వర్ ముందు ఆ పేజీ తెరిచి పెట్టింది.

"సార్, తప్పు నాది. జల్దీ బుక్కులు వాపస్ తీసుకోండ్రి."

ఆయన ఆ పేజీ తిప్పి చూశాడు. "ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?" అన్నాడు. దాచిపెట్టమంటాడేమోనని ఆమె భయపడింది. "మా అన్నకు తప్ప ఎవ్వరికి తెల్వదు సార్. అందరికి తెల్వాలెననే వచ్చిన," అంది. ఆయన ఫోన్ ఎత్తి, పుస్తకాలన్నీ వెనక్కి తెప్పించమన్నాడు.

సాయంత్రానికి ఒకటి తప్ప పుస్తకాలన్నీ చేరాయి. అది మల్లన్న అనే కార్మికుడి దగ్గర ఉంది. అతను ఊరికి పోయాడు. రెండు రోజులు ముత్యమ్మకు ముద్ద దిగలేదు. మూడోనాడు గేటు దగ్గరే అతన్ని పట్టుకుంది.

"నాకు సదువు రాదమ్మా," అన్నాడతను పుస్తకం ఇచ్చేస్తూ. "బొమ్మలు సూసిన, గంతే."

ఆ మాటకు ఆమె మళ్ళీ భయపడింది. పేజీలు సరిగ్గా ఉన్నా ఇతనికి ఏమీ తెలిసేది కాదు. కొత్త పుస్తకంలో బొమ్మ, జాగ్రత్తలు ఒకే పేజీలోకి తెచ్చింది. సోడియం డ్రమ్ము పక్కన నీళ్ళ బకెట్ బొమ్మ పెట్టి, దాని మీద అడ్డంగా ఎర్రగీత కొట్టింది. అచ్చుకు పంపేముందు నమూనాకు కాగితాలు మడిచి, కుట్టి, మల్లన్న చేతికే ఇచ్చింది.

"దీనికి నీళ్లు పోయొద్దంటున్నవు," అన్నాడతను ఆ బొమ్మ చూసి.

అయినా పాశమైలారం వైపు సైరన్ మోగినప్పుడల్లా, చాలా ఏళ్ళ వరకు, ముత్యమ్మ పని వదిలి బయటికి ఉరికేది.