ఎల్‌సీ తిరిగివ్వని మధ్యాహ్నం

2022 నవంబరు. క్రోసూరు దగ్గర ఒక సబ్‌స్టేషన్‌లో నేను షిఫ్ట్ ఆపరేటర్‌ని. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు నాకు ఫోన్ చేసి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకుంటాడు. నేను ఆ ఫీడర్‌కి, అంటే ఆ వైపు ఊళ్ళకు పోయే లైన్‌కి, కరెంటు ఆపి, ఒక నంబరు చెప్పి రిజిస్టర్లో రాస్తాను. పనయ్యాక అతను అదే నంబరు చెప్పి ఎల్‌సీ తిరిగిస్తేనే మళ్ళీ బ్రేకర్ వేసి కరెంటు ఇవ్వాలి. రూలు అది. ఏళ్ళ తరబడి ఒకరి గొంతు ఒకరం ఎరిగినవాళ్ళం కనుక నంబరు చెప్పడం, అడగడం ఎప్పుడో మానేశాం.

మస్తాన్ వలీ మా లైన్‌మన్. ఫ్యూజు పోతే రైతులు ఆఫీసుకు కాదు, నేరుగా అతనికే ఫోన్ చేస్తారు. అన్నం ముందు కూర్చున్నా ఫోన్ ఎత్తుతాడు. మంచోడని మేమంతా తెగ మెచ్చుకునేవాళ్ళం. మా పని సులువయ్యేది మరి.

ఆ రోజు అతను సెలవు. భార్య హసీనాను స్కానింగ్‌కి నరసరావుపేట తీసుకెళ్ళాలి. అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. పదకొండింటికి స్తంభం మీద ఒక పింగాణీ ఇన్సులేటర్ పగిలి ఫీడర్ ఆగిపోయింది. మిర్చికి నీళ్ళు పెట్టే రోజులు. డ్యూటీలో ఉన్నతను పక్క ఊళ్ళో పనిలో ఉన్నాడు, గంట ఆగితే వచ్చేవాడే. నాకే ఓపిక లేక మస్తాన్‌కి ఫోన్ చేశాను.

"పావుగంట పని మస్తానూ, చేసేసి పో."

"ఆమె రెడీ అయ్యి గడపలో కూర్చుందన్నా... సర్లే, వస్తన్నా."

ఎల్‌సీ ఇచ్చి ముప్పావుగంటైంది. రైతుల ఫోన్లు ఆగడం లేదు. ఎంతవరకు వచ్చిందో కనుక్కుందామని మస్తాన్‌కి చేశాను. నేను నోరు తెరవకముందే, "అయిపోయింది, వచ్చేస్తన్నా" అని పెట్టేశాడు.

లేచి ప్యానెల్ దగ్గరికి వెళ్ళాను. బ్రేకర్ స్విచ్ మీద చెయ్యి వేశాక అనుమానం వచ్చింది. పనైపోతే 'లైన్ ఇచ్చెయ్' అనేవాడు, వచ్చేస్తన్నా అన్నాడేమిటి? మళ్ళీ చేశాను.

"మస్తానూ, ఎల్‌సీ నంబరు చెప్పు."

"నంబరేంది? ఇంకా పైనే ఉన్నా గదన్నా. తీగ చేతిలో ఉంది."

స్విచ్ మీంచి చెయ్యి తీసేశాను. "మరి అయిపోయిందన్నావు గదరా?"

"అది నువ్వా? హసీనా అనుకున్నా. చెవుల్లో ఇయర్‌ఫోన్, ఎవరో చూళ్ళా."

పని ముగించి, కిందికి దిగి, ఆ రోజు నంబరు చెప్పి మరీ ఎల్‌సీ తిరిగిచ్చాడు. స్కానింగ్ మూడోసారి వాయిదా పడింది.

మర్నాడు సబ్‌స్టేషన్‌కి వచ్చాడు. "ఇంట్లో చెప్పమాక అన్నా."

"పైనుండి అయిపోయిందని చెప్తావేంది?"

"రోజూ అదే చెప్తా. లేకపోతే ఫోన్ పెట్టదు గదా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. సెలవు రోజున పిలిచింది నేను. నా మీద నాకే ఒళ్ళు మండింది.

సోమవారం నా షిఫ్టులోనే వాళ్ళను నరసరావుపేట పంపాను. అతని ఫోన్ నా టేబుల్ మీద పెట్టించుకున్నాను. సాయంత్రం లోపల ఇరవైమూడు ఫోన్లొచ్చాయి. అన్నీ నేనే ఎత్తాను. ఒక పూట ఆగలేని పని అందులో ఒక్కటి కూడా లేదు. సెలవులో ఉన్నవాణ్ణి ఆ తర్వాత నేనెప్పుడూ పిలవలేదు. నంబరు చెప్పందే ఎవరికీ లైన్ ఇవ్వలేదు.

ఆ సోమవారం సాయంత్రమే మా ఆవిడ ఫోన్ చేసింది. "బయల్దేరావా?"

'ఆఁ, దార్లో ఉన్నా' అని నోటిదాకా వచ్చింది. మింగేసి, "లేదు, ఇంకో రెండు గంటలు పట్టుద్ది" అన్నాను.

"ఏమయ్యా, ఇయ్యాల నిజం చెప్పావేంది?" అంది.