ఆగడం నేర్పిన మేడం

మా సిస్టమ్స్ మేడం గుండెపోటుతో పోయారన్న కబురు, పాకాల స్టేషన్లో తిరుపతి బండి కోసం నిలబడి ఉండగా ఫోన్లో వచ్చింది. ఆసుపత్రి గ్రూపులో డైరెక్టరు గారు పెట్టిన మెసేజ్ అది. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. బతికుండగా ఆమె మాట ఒక్కటీ చెవిన వేసుకోని మనుషులు పెట్టిన బొమ్మలవి. ఏడుపు కన్నా ముందు నాకు ఒళ్లు మండింది.

తిరుపతిలోని మా ప్రైవేటు ఆసుపత్రి కంప్యూటర్లన్నీ ఆమె చేతిలో ఉండేవి. ఈ పనిలో నాకు తెలిసిందంతా ఆమె పెట్టిన భిక్షే. ఆపరేటింగ్ సిస్టమ్‌కు కొత్త వర్షన్ వచ్చిందంటే, ఒకప్పుడు మేం పెన్‌డ్రైవ్ పట్టుకుని గది గదికీ తిరిగేవాళ్లం. కూర్చున్న చోటి నుంచే అన్నీ వాటంతటవే మారేలా ఏర్పాటు చేసింది ఆమే. అయితే దానికో వరస పెట్టారు. ముందు మా గదిలోవి, తర్వాత ఆఫీసువి, అవి వారం పాటు పేచీ పెట్టకపోతే బిల్లింగువి, అన్నిటికన్నా చివర రక్తపరీక్షల ల్యాబువి. ఎక్కడ తేడా వచ్చినా మిగతావి మారకుండా ఆగిపోతాయి.

"నడిపేది ఎవురైనా నడపతారబ్బా. యాడ ఆగాలో దానికి నేర్పాల" అనేవారు.

అంతా అయిందని తెర చెప్పినా నమ్మేవారు కాదు. మెట్లు దిగి ల్యాబుకు వెళ్లి, ఒక రిపోర్టు తీయించి, కాగితం చేత్తో పట్టుకున్నాకే కాఫీ తాగేవారు.

మా డైరెక్టరు గారికి ముహూర్తం లేనిదే కుర్చీ కూడా జరగదు. ఒకసారి కొత్త వర్షన్‌కు ముహూర్తం పెట్టించి, సర్వరుకు పసుపు కుంకుమ పూయించి, ఆ ఘడియ దాటేలోగా కంప్యూటర్లన్నీ ఒకేసారి మారాలన్నారు. తలలూపడమే ఉద్యోగంగా పెట్టుకున్నవాళ్లు తలలూపారు. మేడం టెంకాయ చిప్పలు పక్కకు జరిపారు.

"ముహూర్తానికి తాళి ఒకరికే కడతారు సార్. మంటపంలో ఉండే ఆడోళ్లందరికీ కట్టరు గదా. మీ కంప్యూటర్‌కే కడదాం."

కట్టారు. డైరెక్టరు గారి ప్రింటరు మధ్యాహ్నం దాకా పలకలేదు. ల్యాబు మాత్రం నడిచింది, రోగులకు రిపోర్టులు అందాయి. ఆయన దాన్ని అవమానంగా గుర్తుపెట్టుకున్నారు. పాఠంగా పెట్టుకునే తెలివి ఆయనకెక్కడిది.

సంతాపసభ రోజున ఆ తెలివి మరోసారి బయటపడింది. మేడంకు నివాళిగా, మంచి ఘడియ చూసి, కంప్యూటర్లన్నీ ఒకేసారి కొత్త వర్షన్‌కు మారుస్తారట. మారగానే ప్రతి తెర మీదా ఆమె ఫోటో వస్తుందట. ఆమె జాగాలోకి వచ్చిన మేనేజరు ఆ వరసంతా తీసి పారేశాడు. ల్యాబు ప్రోగ్రామ్ కొత్త వర్షన్ మీద పనిచేస్తుందో లేదో ఎవరూ చూడలేదని చెప్పాను.

"ఈ పొద్దన్నా మంచి మాట పలకప్పా" అన్నాడు.

మార్పు మొదలుపెట్టే బటన్ నన్ను నొక్కమన్నారు, నేను నొక్కనన్నాను. అతనే నొక్కాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సంతాపసభలో చప్పట్లు కొట్టిన ఘనత మావాళ్లకే దక్కింది.

ఫోటో వచ్చింది. ల్యాబు ప్రోగ్రామ్ తెరుచుకోలేదు.

కిందికి పరుగెత్తాను. జ్వరంతో ఉన్న బిడ్డను ఒళ్లో పెట్టుకుని, తడ నుంచి వచ్చిన ఒకామె ల్యాబు ముందు కూర్చుని ఉంది. పొద్దున ఇచ్చిన రక్తం, రిపోర్టు ఇంకా రాలేదు. అద్దంలోంచి లోపలి తెరల వైపు చూపించింది.

"అన్నా, ఎవురు ఆయమ్మ? ఆయమ్మ వల్లేనా ఇదంతా ఆగిపొయ్యింది?"

"ఆయమ్మ ఉండింటే నీ రిపోర్టు ఈపాటికి నీ చేతిలో ఉండునమ్మా" అన్నాను.

ఆమె నమ్మలేదు. బిడ్డ మోచేతి మడతలో ఎండిపోయిన దూదిని ఇంకా అలాగే పట్టుకుని, అద్దం అవతలికి కోపంగా చూస్తూ కూర్చుంది. అక్కడ వరసగా ప్రతి తెర మీదా మేడం నవ్వుతున్నారు.