జిల్లేడు ఆకు కింద దీక్ష

నాంపల్లి స్టేషన్ వెనక సందులో, ఆంజనేయస్వామి గుడి ముందు అండాలు జిల్లేడు దండలు అమ్ముతుంది. దండ కొనలేనివాళ్లు వెనకాడుతూ నిలబడితే, "స్వామి కొలిచి సూస్తడా ఏంది?" అంటూ నాలుగు పూలు ఊరికే చేతిలో పెట్టేస్తుంది.

ఆమె భర్త అంజయ్య అబిడ్స్‌లో బట్టల మూటలు మోస్తాడు. ఏళ్ల తరబడి, సాయంత్రమయ్యేసరికి తాగొచ్చి ఆ పూలబుట్టనే కాలితో తన్నిన మనిషి. ఈ ఏడు హనుమాన్ మాల వేసుకున్నాడు. కాషాయం కట్టాడు, తాగుడు మానేశాడు. పెళ్లాన్ని "మాతా" అని పిలిచాడు, ఆమె "స్వామీ" అని పలికింది. గుడి ఎదుటి పాత గోడ పక్కనున్న జిల్లేడు పొదలో రోజూ పూలు తానే కోసి తెచ్చేవాడు.

ఒక పొద్దున, నేను దండ కొంటుండగా, ఆ పొదలో ఒక ఆకు తిప్పి చూపించాడు. అడుగున లేత ఆకుపచ్చ గూడు వేలాడుతోంది. దాని మీద బంగారు చుక్కలు.

"సీతాకోకచిలుక గూడు మాతా. మొన్నటిదాంక చారల పురుగు. గిప్పుడు తిండి లేదు, నీళ్లు లేవు. గిది గూడ దీక్షల ఉన్నది."

"బయటికొచ్చినంక మళ్ల పురుగైతదా స్వామీ?"

అంజయ్య నవ్వబోయి ఆగిపోయాడు. మాల తీశాక ఏమవుతుందోనన్న భయం ఇద్దరి ముఖాల్లోనూ కనిపించింది.

అతడు మాల తీయడానికి కొండగట్టు హనుమంతుడి గుడికి పోయిన నాడే, కాలువ పని కోసం ఆ గోడ పక్కన శుభ్రం చేయడానికి మున్సిపాలిటీ కూలీ బిచ్చయ్య కొడవలితో వచ్చాడు.

"అన్నా, గా ఒక్క కొమ్మ ఇడిసిపెట్టు. గూడున్నది," అంది అండాలు.

"నాకేమన్న పగనా అక్కా? సాఫ్ జేసి ఫొటో పంపాలె. లేకుంటే మా సారు నన్నే సాఫ్ జేస్తడు."

అయినా పొదంతా నరికి ఆ కొమ్మను ఆఖరుకు ఉంచాడు. కావాలనే మెల్లగా చాయ్ తాగాడు. ఫోన్ మోగింది. చివరికి దాన్నీ కోసి, పాలు కారుతున్న కొమ్మను రెండు చేతులతో ఆమెకు అందించాడు. అండాలు దాన్ని ఆ సందులోనే ఉన్న తమ ఇంటి కిటికీ ఊచకు కట్టింది.

అంజయ్య తిరిగొచ్చిన పొద్దునే గూడు పగిలింది. నారింజ రంగు రెక్కలు ఆరాక సీతాకోకచిలుక ఎగిరి, బోసిపోయిన గోడ దగ్గర తచ్చాడి, రోడ్డు మీదుగా వెళ్లిపోయింది. అది గుడ్లు పెట్టాలంటే జిల్లేడే కావాలి. ఈ సందులో ఇక ఒక్క మొక్కా లేదు. అండాలు పూలు గుడిమల్కాపూర్ పూలమార్కెట్ నుంచి తెచ్చుకుంటోంది.

ఆ సాయంత్రం అంజయ్య ప్యాంటు చొక్కాతో, బోసి మెడతో బుట్ట పక్కన కూర్చున్నాడు.

"అండాలూ, నన్ను పోనియ్యకు. పొద్దుగూకుతుంటే కాళ్లు అటే గుంజుతున్నయ్."

"నిన్ను నేనెట్ల పట్టుకుంట? జర గీ సూది పట్టు, పూలు గుచ్చు."

గుచ్చాడు. "స్వామి చూసుకుంటాడులే అన్నా," అన్నాను. దండ అందుకుని పక్కకు నిలబడ్డాను.

సందు మొగలో నుంచి పాత తాగుడు సావాసగాళ్లెవరో కేకేశారు: "ఏం అంజన్నా, మాల దీసినవంట! ఇంక మా దిక్కు సూడవా?"

అంజయ్య సూది కింద పెట్టి లేచాడు. "ఇప్పుడే వస్త," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియలేదు.

అండాలు లేవబోయింది. అప్పటికే ఇద్దరు దండల కోసం చేతులు చాపి నిలబడి ఉన్నారు. హారతి గంట మొదలైంది. ఆమె మళ్లీ కూర్చుని, వాళ్లకు దండలు తీసి ఇచ్చింది.