ఒక కాలికుంటే కట్టు, రెండు కాళ్లకుంటే ఆచారం

ఈ సంగతి రాయక తప్పని పరిస్థితి మా ఇంట్లోవాళ్లే తెచ్చిపెట్టారు. మా అన్నయ్య పెళ్లిలో జరిగినదాన్ని ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెప్పుకుంటున్నారు. మహిమంతా బెల్లానిదని నాయనమ్మ పక్షం వాళ్లంటారు. కాదు, పుస్తకానిదని మా పక్షం (నేనొక్కణ్ణే) వాదిస్తుంది. నిజానికి రెండూ కాదు. ఆ నిజం తెలిసినవాళ్లం ఇంకా మిగిలి ఉండగానే కాగితం మీద పెట్టడం మంచిదని కూర్చున్నాను.

ఆ రోజుల్లో, అంటే రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియకముందు, నా చదువు ఆగిపోయింది గాని చదవడం ఆగలేదు. అనకాపల్లిలో మా నాన్నగారి బెల్లం కొట్టు మూసీ మూయకముందే గ్రంథాలయంలో వాలేవాణ్ణి. బీరువాలో పుస్తకాలన్నీ వరసబెట్టి చదవాలని దీక్ష. వ్యవసాయం అరలు పూర్తిచేసి వైద్యంలోకి వచ్చాను. (ఇంటివాళ్ల అదృష్టం కొద్దీ శస్త్రచికిత్స ఇంకా పైఅరలో ఉంది.) సరిగ్గా అప్పుడే, పెళ్లి వారంలోకి వచ్చాక, మా అన్నయ్య బెల్లం బండి మీంచి దూకి ఎడమ చీలమండ బెణికించుకున్నాడు.

బెణుకు నిదానంగా తగ్గుతుంది, పెళ్లి ఆగదు. ఆ ముహూర్తం దాటితే మూఢం. పైగా కశింకోట ఆడపెళ్లివారిలో ఒక మేనమామ ఉండేవాడు. అంతకుముందొక సంబంధాన్ని, పెళ్లికొడుకుది మెల్లకన్నని, తాంబూలాలు పుచ్చుకున్నాక తిప్పికొట్టిన మనిషి. అన్నయ్య కుంటుకుంటూ పీటలెక్కితే ‘అవకరం దాచారు’ అని ఆయన పెళ్లికూతుర్ని పీటల మీంచి లేపి తీసుకుపోతాడని మా అందరి భయం. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ కబురు మాకంటే ముందే కశింకోట చేరుతుంది. అన్నయ్య ఆ అమ్మాయిని పెళ్లిచూపుల్లో ఒక్కసారి చూశాడు. అప్పట్నించీ కొట్లో పటికబెల్లం అడిగినవాళ్లకి పచ్చిబెల్లం తూస్తున్నాడు. “ఒరే తమ్ముడూ, నీ పుస్తకాల్లో దీనికేటైనా ఉందేమో చూడరా” అన్నాడు, కళ్లనిండా నీళ్లతో. నన్నెవరైనా అలా అడగడం అదే మొదలు.

పుస్తకంలో ఉంది. చీలమండ బెణికినా, మడమ పైన నరం నొప్పి చేసినా ‘బ్రేస్’ తొడగమని ఇంగ్లీషులో రాసి, పక్కన బొమ్మ కూడా వేశారు. పాదం నుంచి పిక్క దాకా తాళ్లతో బిగించే తొడుగు. బ్రేస్ అంటే ఏమిటా అని నిఘంటువు తీశాను. ‘జత’ అని ఉంది. దాని కింద ఇంకేవో అర్థాలున్నాయి గాని, మొదట రాసినదే ముఖ్యమైనదని అప్పట్లో నా సిద్ధాంతం. బొమ్మలో ఒక్క కాలే ఉండటం చూసి, రెండోది కాగితం మీద పట్టలేదనుకున్నాను.

జట్కాలకు జీనులు కుట్టే సాయిబు దగ్గరికి పరిగెత్తాను. పెళ్లిపీటల మీద తోలు పనికిరాదు కాబట్టి జట్కా టాపు గుడ్డతో కుట్టమన్నాను.

“రెండు కాళ్లూ బెణికినాయా బాబూ?” అన్నాడాయన.

“ఒకటే. కాని రెండు కావాలి. పుస్తకంలో ఉంది.”

“అచ్ఛా. గుర్రానికైతే నాలుగు కుట్టమందువేటి?” అని నవ్వి, చక్కగా కుట్టిచ్చాడు. నేను వాటిని పసుపునీళ్లలో ముంచి ఆరబెట్టాను, పాదాలకు పసుపు రాసుకున్నట్టు కనిపిస్తుందని. (కనిపించలేదు. అన్నయ్య పసుపుపచ్చ మేజోళ్లు వేసుకున్న కొంగలా కనిపించాడు.)

పెళ్లినాడు విడిదిలో నేను తాళ్లు బిగిస్తుంటే నాయనమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. “పక్కకి జరుగు. బెల్లం, సున్నం కలిపి పట్టేత్తాను. ఎలాటి బెణుకైనా ఇట్టే దిగిపోద్ది.”

“శాస్త్రంలో బెల్లం ప్రస్తావన లేదే నాయనమ్మా!”

“ఆ శాస్త్రం రాసినోడు అనకాపల్లి వచ్చేడేటి?”

చివరికి ఆవిడ బెల్లం లోపల, నా శాస్త్రం పైన అని రాజీ కుదిరింది.

మేనమామ మొదట ఆ తొడుగులే చూశాడు. “ఏటయ్యా ఇది, రెండు కాళ్లకీ?” అన్నాడు. “మా ఇంటి ఆచారమండి” అన్నాను, ఎక్కణ్ణించి వచ్చిందో ఆ మాట. ఆయన తలాడించాడు. ఒక కాలికే ఉంటే అది కట్టని కనిపెట్టేసేవాడు. రెండు కాళ్లకుంటే ఆచారమే మరి! పైగా రెండూ సమానంగా బిగుసుకుపోవడంతో అన్నయ్య కుంటు దొరగారి నడకలోకి దిగింది.

జీలకర్ర బెల్లం పెట్టించారు. తెర తీశారు. అప్పుడు చూశాను, పీటల కిందినుంచి బారుకట్టి చీమలు అన్నయ్య ఎడమ తొడుగులోకి పోతున్నాయి. అన్నయ్య ముఖం ఎర్రబడింది. మేనమామ వంగి, “ఇదేటి? జీలకర్ర బెల్లం నెత్తి మీద పెడితే చీమలు కాళ్లెక్కుతున్నాయేటి?” అన్నాడు. నాకు ఏ పుస్తకమూ గుర్తురాలేదు.

అంతలో పెళ్లికూతురి మోచెయ్యి తగిలి, జీలకర్ర బెల్లం మిగిలిన తమలపాకు తిన్నగా అన్నయ్య కాలి మీద పడింది. “అయ్యయ్యో, చూసుకోవే!” అన్నారు ఆడవాళ్లు. “అదీ సంగతి” అనుకుంటూ మేనమామ వెళ్లి కూర్చున్నాడు. అక్కడున్నవాళ్లకు చీమలు ముందొచ్చాయా, ఆకు ముందు పడిందా అన్న ఆలోచనే రాలేదు. తరవాత ఏడడుగులప్పుడు ఆ పిల్ల ఎంత నెమ్మదిగా నడిచిందంటే, చిటికెన వేలు పట్టుకున్న అన్నయ్య అంతకంటే తొందరగా నడవాల్సిన పని లేకపోయింది. “ఏం అణకువ!” అని పేరంటాళ్లు మెచ్చుకున్నారు.

చాన్నాళ్ల తరవాత, ఆ ఆకు సంగతి అడిగితే వదినే చెప్పింది. “బెల్లం, సున్నం వాసన తెలీదేటి మరిదీ? మా ఇంట్లో బెణకని కాలేదీ? మావయ్య పీటల మీంచి లేపేస్తాడేమోనని నాకూ భయంగానే ఉండేది.”

మొన్న నా మడమ పైన నరం పట్టేస్తే విశాఖపట్నం డాక్టరు బ్రేస్ రాసిచ్చాడు. “ఒకటేనా?” అన్నాను. “రెండో కాలికేమైందండీ?” అన్నాడు. సాయిబు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

కాబట్టి ఈ సందర్భంగా నా కృతజ్ఞతలు: గుర్రానికి తప్ప మనిషికి ఎన్నడూ కుట్టకపోయినా కాదనని జీనుల సాయిబుకు, అన్నయ్య మరునాడే మామూలుగా నడిచాడని చివరిదాకా వాదించిన నాయనమ్మకు, కరిచినా మాట బయటపెట్టని అన్నయ్యకు, దారి తప్పకుండా వచ్చిన చీమలకు. ఆఖరుగా మా వదినకు. సాయంత్రాలు నేను తొడుగు వేసుకుని వీధి చివరిదాకా నడుస్తుంటే ఆవిడ పక్కనే వస్తుంది, నాకంటే ఒక్క అడుగు కూడా ముందుకు పోకుండా. చూసినవాళ్లు పాపం పెద్దావిడ, నడవలేకపోతోంది అనుకుంటారు.