ఇరవై ఒక్క పేర్లు తీసేసిన మధ్యాహ్నం

తుపాను లేదు, ధర్నా లేదు. అయినా ఉయ్యూరు నుంచి చల్లపల్లి వెళ్ళే దారిలో పదకొండు చెరుకు ట్రాక్టర్లు బారులు తీరి ఆగిపోయాయి. కుర్చీలోంచి లేవకుండా వాటిని ఆపిన ఘనుడెవరో తెలుసుకోవాలని ఉందా? నేనే. ఎలా ఆపానో చెబుతాను, నవ్వుకోండి.

అప్పటికి నా ఇంజనీరింగ్ పరీక్షలు అయిపోయి మూడు వారాలైంది. ఆ మూడు వారాల్లో బెంజ్ సర్కిల్ దగ్గరున్న మా ఫ్లాట్లో జాబితా రాయని వస్తువంటూ మిగల్లేదు. ఏ మాత్ర ఎప్పటికి పాడవుతుందో, ఏ స్విచ్చి నొక్కితే ఏ లైటు వెలుగుతుందో అంతా కాగితం మీదికి ఎక్కించేశాను. ఇంకేం రాయాలా అని దిగులుపడుతుండగా మావయ్య ఫోన్ చేశాడు.

ఆ చల్లపల్లి దారిలోనే మావయ్యకు కాటా ఉంది. లోడు బండి ఇనప పలక మీదికి ఎక్కితే గోడమీద ఎర్ర అంకెల్లో బరువు కనిపిస్తుంది, లోపలి కంప్యూటర్ చీటీ అచ్చువేస్తుంది. కిలోమీటరు దూరంలో బెల్లం వండేచోట అచ్చు చీటీ ఉంటేనే బండిని లోపలికి రానిస్తారు. చేత్తో రాసిన చీటీలతో వెనక ఏదో గొడవ జరిగిందట. అందుకని అవి చెల్లవు.

"కంప్యూటర్ మరీ నీరసంగా నడుస్తందిరా అల్లుడూ. ఒకసారొచ్చి చూసిపో" అన్నాడు మావయ్య.

వెళ్ళాను. అందులో ఉన్న ప్రోగ్రాముల జాబితా తెరిచాను. కాటా ప్రోగ్రాం ఒకటి, ప్రింటర్‌ది ఒకటి. మిగతా ఇరవై మూడింటికీ ఒకటే పేరు. పక్కన సంవత్సరాలు మారుతున్నాయి, చుక్కల మధ్య అంకెలు మారుతున్నాయి, పేరు మాత్రం మారదు. ఒకే ఇంటిపేరున్న బంధువుల గ్రూప్ ఫోటోలా ఉంది.

"మావయ్యా, ఇవన్నీ ఎవరు వేశారు?"

"ఏవిరా?"

"ఒకే పేరుతో ఇరవై మూడున్నాయి."

మావయ్య కళ్ళజోడు పెట్టుకుని తెరకు ముక్కు ఆనించినంత పని చేశాడు. "నాకేం తెలుసు? చీటీ బొత్తం తప్ప నేనింకోటి నొక్కలేదు."

"ఒకటి చాలదా?"

"చాలాలి మరి. చదువుకున్నోడివి, నీకే తెలవాలి."

పరీక్షలు రాసి మూడు వారాలైన ఇంజనీరుతో ఈ మాట మాత్రం ఎవరూ అనకూడదు.

నేను నోటుబుక్కు తీసి నాలుగు గళ్ళు గీసి ఇరవై మూడు పేర్లూ ఎక్కించాను. నా తర్కం చాలా తేలిక. కొత్తదానికి పాతదాని పనంతా వచ్చే ఉంటుంది. కాబట్టి అన్నిట్లోకీ కొత్తవి, ఎందుకైనా మంచిదని రెండు ఉంచి, మిగతావి తీసెయ్యాలి. ఒక్కొక్కటి తీస్తుంటే కంప్యూటర్ "నిజంగానే తీసెయ్యమంటారా?" అని అడిగింది. ఇరవై ఒక్కసార్లు అడిగింది. ఎంత మర్యాద అనుకున్నానే గానీ, ఎందుకడుగుతోందో ఆలోచించలేదు.

కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను. రెప్పపాటులో లేచి కూచుంది. మావయ్య మురిసిపోయాడు. ఈలోగా కోటేశ్వరరావు గారనే రైతు ట్రాక్టరు పలక మీదికి ఎక్కింది. తొమ్మిది టన్నుల నాలుగు వందల నలభై కిలోలని గోడమీద ఎర్రగా వెలిగింది. మావయ్య తన బొత్తం నొక్కాడు. చీటీకి బదులు తెరమీద బూడిదరంగు పెట్టె ఒకటి వచ్చింది. ఏదో ఫైలు కనబడటం లేదట, అది లేనిదే కాటా ప్రోగ్రాం మొదలవదట.

ఆ ప్రోగ్రాం రాసినాయనకు ఫోన్ చేశాను.

"ఏం చేశారండీ?"

"పాతవి తీసేశానండీ. కొత్తవి రెండు ఉంచాను."

"మా ప్రోగ్రాంకి కావలసింది అన్నిట్లోకీ పాతదేనండీ. కొత్తది దాని పని చెయ్యదు. నేను గుంటూరులో ఉన్నాను, ఐదింటికి పెన్‌డ్రైవు తెస్తాను. ఈలోగా దయచేసి ఇంకేం బాగుచెయ్యకండి."

ఆ పాతదాన్ని నేనే దించుకుందామని చూశాను. ఫోన్లో నెట్ మూడు శాతం దాకా నడిచి అక్కడే కాపురం పెట్టింది. బయట ట్రాక్టర్లు నాలుగయ్యాయి, ఏడయ్యాయి. కోటేశ్వరరావు గారు గుమ్మంలోకి వచ్చారు.

"పొద్దున కొట్టిన చెరుకు బాబూ. ఈ ఎండకి ఐదింటిదాకా ఉంచితే ఏం మిగలద్ది? రసం ఆరిపోద్ది. ఇంతకీ ఏం తీసేశావ్?"

చెప్పాను. ప్రతి ప్రోగ్రామూ అన్నీ సొంతంగా మోసుకురాదు, కొన్ని పనులకు ఉమ్మడి సరుకు వాడుకుంటుంది, ఆ సరుకు ఎవరిదని జాబితాలో రాసి ఉండదు అని.

ఆయన శ్రద్ధగా విన్నారు. "అంటే పొలాల మధ్య బోదె లాంటిదా? నీళ్ళు అందరికీ దాన్లోంచే పోతాయి, పట్టా మాత్రం ఎవరి పేరునా ఉండదు."

"అలాంటిదేనండీ."

"ఎవరి పేరూ లేదని పూడ్చేశావా?"

నేను నోటుబుక్కులోకి చూశాను. దానికి తగిన గడి అందులో లేదు.

"సరే, గోడమీద అంకె నువ్వు కళ్ళారా చూశావా?"

"చూశానండీ."

"అయితే చీటీ దొరికినట్టే. ఎక్కు."

"ఎక్కడికండీ?"

"లోడు మీదికి. అక్కడికొచ్చి నువ్వే చెప్దువు గాని."

మావయ్య వైపు చూశాను. మావయ్య నిచ్చెన తెచ్చాడు.

చెరుకు లోడు మీద కూర్చోవడమంటే ఏమిటో వివరించను. చెరుకుకి కణుపులుంటాయని మాత్రం గుర్తుచేస్తాను. బెల్లం వండేచోట యజమాని గేటుకి అడ్డంగా నిలబడ్డాడు.

"చీటీ ఏదీ?"

"ఇదిగో" అని కోటేశ్వరరావు గారు పైకి, నా వైపు చూపించారు.

"ఎవరు నువ్వు?"

"కాటా కంప్యూటర్ బాగుచేసినవాణ్ణండీ. ఈ బండి తొమ్మిది టన్నుల నాలుగు వందల నలభై. నేను చూశాను."

"బాగుచేస్తే చీటీ రావాలిగా?"

దాంతో జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఇరవై మూడు పేర్లు, నాలుగు గళ్ళు, ఇరవై ఒక్క ప్రశ్నలు, ఇరవై ఒక్క అవునులు. ఆయన నన్ను ఎగాదిగా చూసి పనివాళ్ళ వైపు తిరిగాడు.

"అబద్ధం చెప్పేవాడు కాస్త తెలివైన కథ చెప్తాడు. ఇది నిజమే. బండి లోపలికి తోలండి."

మిగతా పది బండ్లకూ నేనే చీటీ. ఎక్కడం, అంకె చెప్పడం, దిగడం, నడిచి వెనక్కి రావడం. గుంటూరు నుంచి పెన్‌డ్రైవు వచ్చేసరికి దారిలో ఒక్క గడ కూడా ఎండలో మిగల్లేదు.

కనుక సకల జనులకూ విన్నవించుకునేదేమనగా, ఒకే పేరు నూట ఇరవైమూడుసార్లు కనిపించినా సరే, దాని మీద ఎవరు ఆధారపడి ఉన్నారో కనుక్కోకుండా ఇకపై ఏ కంప్యూటర్లోనూ నా చెయ్యి పడదు. ఈ ప్రమాణం పదకొండో లోడు మీద కూర్చుని చేశాను. నిజం చెప్పాలంటే, అప్పటికి కూర్చోవడం సాధ్యం కాక, నిలబడే చేశాను.