గడప మూల అతుకు

"వెనక మిషన్ ముసల్దైంది అత్తమ్మా. కొత్తది కొనాలె."

"బుధవారం ఉరికిన మిషన్ శుక్రవారానికే ముసల్దైతదా? నాకు అరవై దాటినయి, నేను గిట్ల కూలబడ్డనా?"

"నీతోని పోటీ ఎవరు పెట్టిన్రు? పొద్దటి సంది ఒక్క ఫొటో పోతలేదు. నువ్వొచ్చి తోస్తవా?"

"తోస్త. ఎక్కడ ఆగిందో చూపియ్యి."

తొంభైల చివరి రోజులవి. భువనగిరిలో మా ఇంటి ముందు గదిలో నా కోడలు పెళ్లి కార్డులు తయారుచేసేది. అక్కడొక కంప్యూటరు, వెనక గదిలో ప్రింటరుతో ఇంకొకటి. రోడ్డు దుమ్ము ప్రింటరు మీద పడకూడదని దాన్ని వెనక పెట్టింది. రెండింటి నడుమ ఒక నల్ల తీగ. ముందు గదిలో చేసిన కార్డు ఆ తీగ వెంట వెనక్కి పోయి అచ్చయ్యేది. ఉత్త రాతలైతే ఫ్లాపీలో వేసి చేత్తో పట్టుకుపోవచ్చు. ఫొటో ఫ్లాపీలో పట్టదు.

మోత్కూర్ నుంచి వచ్చిన ఒక తండ్రి తన బిడ్డ పెళ్లికి ఫొటోతో రంగుల కార్డు కావాలన్నాడు. కోడలికి అలాంటి పని అదే మొదలు. శనివారం పొద్దున నమూనా చూపించకపోతే హైదరాబాదులో చేయించుకుంటానని చెప్పి పోయాడు. ఆ పని చేజారితే ఇక రంగుల కార్డుకు మా గడప ఎవరు తొక్కుతారని దాని దిగులు.

నా చదువు రెండో తరగతి. కానీ ఇంట్లో ఏది ఏ రోజు ఎట్లా నడుస్తుందో నాకు తెలుసు. బుధవారం పరీక్షకు పంపిన ఫొటో అన్నం ఉడికేలోపు పోయింది. శుక్రవారం అన్నం వండి, తిని, గిన్నెలు తోమినా పోలేదు. కిందటి శుక్రవారం ఉత్త రాతల కార్డుకు కూడా ఇదే గోస. మా ఇంట్లో శుక్రవారం ప్రత్యేకంగా జరిగేది ఒక్కటే. గడప కడిగి పసుపు రాస్తాను.

ఆ తీగ గడప మూల నుంచే పోయేది. పైగా అది ఒక్క తీగ కాదు, రెండు ముక్కలు. దుకాణంలో మిగిలిన ముక్కలుంటే కొత్తది దండగ, అతికించుకోమన్నది నేనే. అతుకు సరిగ్గా గడప మూలకు వచ్చింది.

మిషన్లు ఆపమని, నేలమీద కూర్చుని అతుకు మీది టేపు విప్పాను. లోపల తడి. రాగి పచ్చబడింది.

"ఇదేంది?" అన్నాను.

"చిలుం," అంది కోడలు. తోమని రాగి చెంబును చూసినట్టు ఇద్దరం చూశాం.

"గీడ అక్షరాలు చెడిపోతున్నయి అత్తమ్మా. అవతలి మిషన్ నాకు అందలేదంటది. ఇవతలిది పంపిందే మళ్ల పంపుతాంది."

నాకు వెంటనే అర్థమైంది. ఉత్తరం చదివేటప్పుడు ఒక్క అక్షరం మసకగా ఉంటే నేను కూడా ఆ వరుస మొదటి నుంచి కూడబలుక్కుంటాను.

"ముక్కలు కొనిపిచ్చింది నువ్వే. నీళ్లు పోసింది గూడ నువ్వే," అంది.

"నేనే. ఇగ పోయి ఒకటే నిండు తీగ తే."

"తెస్త. గని గడప మీంచి వద్దు, గోడకు బెజ్జం కొట్టాలె. నీ గోడ ముడితే ఊకుంటవా?"

ఆ గోడకు మట్టి తొక్కింది నేను. రాయి ఎక్కడుందో, మట్టి ఎక్కడుందో నాకు తెలిసినట్టు ఏ మేస్త్రీకి తెలుసు? కోడలు తీగతో తిరిగొచ్చేసరికి రెండు రాళ్ల సందున, గడపకు మూరెడు పైన, ఉలితో బెజ్జం కొట్టి ఉంచాను.

"మేస్త్రీ కూలి ఎంత?" అని నవ్వింది.

"ముందు ఫొటో పంపు," అన్నాను.

పొయ్యి మీద చాయ పెట్టాను. అది పొంగకముందే వెనక గదిలోంచి ప్రింటరు చప్పుడు వినిపించింది. ఎన్నో పంటలు ఇంటికి తెచ్చాను కానీ, ఆ చప్పుడు విన్నప్పటి గర్వం వేరు.

మర్నాడు పొద్దున మోత్కూర్ ఆయన వచ్చాడు. కార్డును వెలుతురుకు పెట్టి చూసి, బిడ్డ పేరు కింద వేలు పెట్టి చదువుకున్నాడు. "ఎవరు చేసిన్రు?" అని అడిగాడు.

"మా కోడలు," అన్నాను.

ఇదే ఖాయం చేయమని చెప్పి బస్సుకు పోయాడు. కోడలు మిషన్ ముందు కూర్చుంది. నేను పాత తీగ ముక్కల్లో పొడుగుదాన్ని వాకిట్లో కట్టి, ఉతికిన చీరలు ఆరేశాను.